మురికివాడల తొలగింపు, బీదలకు గృహవసతి

మురికివాడను తొలగించుట యను మాటలో రెండు వేర్వేరు పనులు ఇమిడియున్నవి. మొదటిది, మనుష్యనివాసమునకు తగని యిండ్లను పడగొట్టుట. రెండవది, ఆ యిండ్లనుండి వెలువడినవారికి, వా రియ్యగల అద్దెకు, వారు పనికి నడచిపోగల దూరమున, వేరొక గృహమును చూపుట. మొదటి పనికి ఒక నోటీసును, కొందఱు కూలీలును, ఒక పూట పోలీసు బందోబస్తును చాలును. రెండవదానికి భూమియు, ధనమును, సంవత్సరముల తరబడి ఓపికయు కావలెను. ఇందువలననే పురపాలక సంఘముల నివేదికలలో మొదటి పని జరిగిన వార్తలు తఱచుగను, రెండవ పని జరిగిన వార్తలు అరుదుగను కానవచ్చును. మొదటిదానిని చేసి రెండవదానిని విడిచిన చోట్ల వ్యాధి తగ్గకపోగా ప్రక్కవీధికి మాఱినదని నూఱు సంవత్సరములకు మించిన అనుభవము చూపుచున్నది.

ఈ విషయమును తెలిసికొనుటకు బొంబాయి నగరమునకు మించిన ఉదాహరణము లేదు. భారతదేశమున ప్రభుత్వము బీదల గృహవసతిని తన పనిగా తొలుత చేపట్టినది అచ్చటనే. ఆ నగరముతో తెలుగువారికిని సంబంధము కలదు. నిజాము రాజ్యములోని తెలుగు జిల్లాలనుండి పోయి కట్టడపు పనులు చేసిన కామాటీల పేరనే కామాటిపుర మేర్పడినది. తరువాత తెలంగాణమునుండి పద్మశాలీలు వేలకొలదిగా నూలుమిల్లులకు పోయి వర్లీ, ప్రభాదేవి మొదలగు పేటలలో నివసించిరి.

1896వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మాండ్వీ పేటయందు డాక్టరు అకాసియో వియేగాస్ గారు ప్లేగును గుర్తించిరి. ధాన్యపు గిడ్డంగులు నిండిన రేవుప్రాంత మది. కొన్ని నెలలలో వ్యాధి నగరమంతయు వ్యాపింపగా లక్షలకొలది జనులు ఊరు విడిచి పోయిరి. మిల్లులకు పనివారు కరవైరి. 1897లో అంటువ్యాధుల చట్టము వచ్చెను. ఇండ్లలో చొరబడి సోదా చేయుట, రోగులను బలవంతముగా ఆసుపత్రులకు కొనిపోవుట, సామానులను తగులబెట్టుట మొదలగు చర్యలవలన ప్రజలకు అధికారులయందు ఎంతటి వైమనస్యము కలిగినదో చరిత్రయందు ప్రసిద్ధమే. మఱుసటి సంవత్సరము, అనగా 1898లో, నగరాభివృద్ధి చట్టము చేయబడి, బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు స్థాపింపబడెను. అనారోగ్యకరమైన పేటలను కొని పడగొట్టుట, వెడల్పైన వీధులు తీయుట, బీదలకు ఇండ్లు కట్టుట దానికి విధింపబడిన పనులు.

ఆ కాలపు ఇండ్ల స్థితిని కొంత వివరింపవలసియున్నది. చాల్ అనబడు బారుయిల్లు మూడు నాలుగు అంతస్తులు గలది. నడుమ ఒక నడవ. దానికి ఇరువైపుల గదులు. ఒక్కొక్క గదిలో ఒక కుటుంబము, కొన్నిట రెండు మూడు కుటుంబములు. వంటయు, స్నానమును, నిద్రయు, కాన్పును ఆ గదిలోనే. రెండు బారుల నడుమ మనుష్యుడు ఒకడు పట్టునంతటి సందు. పాయిఖానాల తొట్లును, కొళాయి నీటి మురుగును, పై అంతస్తులనుండి పాఱవేయు చెత్తయు నన్నియు ఆ సందులోనే. గదికి గవాక్షమున్నను అది ఈ సందులోనికే తెఱచుకొనును. కనుక దుర్గంధమునకు ఓర్వలేక జనులు దానిని మూసివేసెడివారు. అధికారులు దీనిని చూచి జనుల అజ్ఞానమని వ్రాసిన సందర్భములున్నవి. ఆ గవాక్షమును తెఱచి ఒక రాత్రి అచ్చట పరుండినచో అట్లు వ్రాసియుండరు.

వ్యాధికిని ఇంటికిని గల సంబంధమును ఆనాటి వైద్యులు సంపూర్ణముగా ఎఱుగరు. చెడుగాలియు మురికియు ప్లేగును పుట్టించునని పలువురు నమ్మిరి. 1898లోనే కరాచీలో పాల్ లూయీ సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుక వెండ్రుకలలో నుండి రక్తము పీల్చు రెక్కలులేని చిన్న పురుగే ప్లేగును మనుష్యునకు అంటించునని కనుగొనెను. చాలమంది దానిని అప్పుడు నమ్మలేదు. 1905 మొదలు బొంబాయిలో పనిచేసిన ప్లేగు పరిశోధక సంఘము దానిని స్థిరపఱచినది. దీనివలన ఇంటి ప్రశ్న తీరిపోయినదని తలపరాదు. ఎలుక గూడు కట్టుకొనుటకు ధాన్యపు మూటలును, మట్టిగోడలును, చెత్త నిండిన సందులును కావలెను. అవియన్నియు ఇఱుకు పేటలయందే కలవు. క్షయవ్యాధి విషయమున సంబంధము మఱియు దగ్గఱిది. దాని సూక్ష్మక్రిమి రోగి దగ్గులోనుండి గాలిలో తేలియాడును. ఎండ తగిలినచోట త్వరగా చచ్చును. చీకటిగదిలో చాలసేపు నిలుచును. ఎనిమిదిమంది పరుండు గదిలో ఒకనికి క్షయ యున్నచో, మిగిలిన యేడుగురును రాత్రి పొడుగునను ఆ గాలినే పీల్చుచుందురు. నేడు క్షయకు మంచి మందు లున్నవి. కాని మందు ఆరోగ్యశాఖనుండి వచ్చుచుండగా వ్యాధి గదినుండి తిరిగి వచ్చుచుండును.

ఈ సంబంధమును చూపు అంకెలు 1921వ సంవత్సరపు బొంబాయి మరణములలో కలవు. ఒక గదిలో నివసించు కుటుంబములయందు పుట్టిన వేయిమంది శిశువులలో సంవత్సరము నిండకుండ చనిపోయినవారు 828 మందిగా లెక్కకు వచ్చిరి. రెండు గదులున్నచోట 322 మంది. మూడు గదులున్నచోట 191 మంది. నాలుగు లేక అంతకు మించిన గదులున్నచోట 133 మంది. ఈ మొదటి అంకెను ఉన్నది ఉన్నట్లు గ్రహింపరాదు. పనివారి స్త్రీలు పలువురు కాన్పునకు స్వగ్రామములకు పోయి బిడ్డతో తిరిగివచ్చెడివారు; అట్టి బిడ్డ చనిపోయినచో మరణము నగరపు లెక్కలో చేరును గాని జననము చేరదు. గదులెక్కువ గలవారు ధనమును ఎక్కువ గలవారే యనునదియు నిజమే. ఇవన్నియు తీసివేసినను, ఒక గదికిని రెండు గదులకును నడుమ నున్న యంతరము చిన్నది కాదు. ఆ కాలముననే బొంబాయి శ్రామికుల కుటుంబ వ్యయములను విచారించినప్పుడు నూటికి 97 కుటుంబములు ఒక్క గదిలోనే యున్నవని తేలినది.

ఇక ట్రస్టువారు చేసిన పని. వారి మొదటి పథకము నాగ్‌పాడాలోనిది. పడగొట్టుట త్వరగా సాగినది. కట్టుట మెల్లగా సాగినది. మొదటి పదిసంవత్సరములలో తొలగింపబడిన గదులకంటె కట్టబడిన గదులు తక్కువ. వెలువడిన కుటుంబములు నగరము విడిచి పోలేదు, పోజాలవు. పనియున్నచోటికి దగ్గఱగా, ప్రక్కపేటలలోని ఇండ్లలో చేరిరి. అచ్చట అద్దెలు హెచ్చినవి; గదికొక కుటుంబమున్న చోట రెండయ్యెను. ట్రస్టు కట్టిన కొత్త చాళ్లలో వెలుతురును గాలియును ఉన్నవి గాని, వాటియందు ప్రవేశించినవారు పలుమారు వెలువడినవారు కారు. అంతకంటె కొంత మెఱుగైన జీతములు గలవారు.

ఇది బొంబాయివారి లోపము మాత్రమే కాదు. వారి చట్టమునకు మాతృకలు గ్లాస్గో నగరపు 1866వ సంవత్సరపు చట్టమును, ఇంగ్లాండులోని శ్రామిక గృహచట్టములును. లండను నగరమున ఓల్డ్ నికోల్ అను పేటను పడగొట్టి, కౌంటీ కౌన్సిలువారు బౌండరీ స్ట్రీటు గృహములను కట్టి 1900లో ప్రారంభించిరి. ఎఱ్ఱయిటుకల చక్కని కట్టడములు, నడుమ ఉద్యానవనము, నేటికిని నిలిచియున్నవి. పాతపేటలోనుండి తొలగింపబడిన 5,719 మందిలో ఆ కొత్త యిండ్లలో చేరినవారు 11 మంది. తక్కినవారు ప్రక్కవీధులకు పోయిరి.

ట్రస్టు అధ్యక్షుడుగా నుండిన జె. పి. ఆర్ అను ఉద్యోగి ఈ లోపమును గ్రహించినవారిలో ముఖ్యుడు. 1912లో ఆయన ఇండ్లకు వెలుతురును గాలియు అను విషయమున ఉపన్యసించి, 63½ డిగ్రీల సూత్రమును వ్యాప్తికి తెచ్చెను. ఈ సూత్రము నేటికిని ఓవర్సీరునకు పనికివచ్చును గనుక తెలుపబడుచున్నది. గది వెలుపలి గోడ అడుగునుండి ఎదుటి యింటి కొనకు ఒక గీత గీచినట్లు భావింపవలెను. ఆ గీత నేలతో చేయు కోణము 63½ డిగ్రీలకు మించినచో క్రింది గదికి చాలినంత ఆకాశము కానరాదు. సులభముగా చెప్పవలెనన్న, ఎదుటి యిల్లు ఎంత యెత్తున్నదో అందులో సగమైనను నడుమ ఖాళీ యుండవలెను. 40 అడుగుల ఇంటి యెదుట 20 అడుగులు. నేడు మన పట్టణములలో రెండు సెంట్ల స్థలమున నాలుగంతస్తులు కట్టుకొనుచున్న పేటలను ఈ కొలతతో చూచినచో, అనుమతి పత్రములన్నియు సక్రమముగా నున్న మురికివాడలు ఎన్ని యేర్పడుచున్నవో తెలియగలదు.

అప్పటి ట్రస్టువారే మఱియొక మార్గమును పరీక్షించిరి. నగరము నడుమ పడగొట్టుటకు బదులు, ఉత్తరమున దాదరు, మాటుంగా ప్రాంతములలో కొత్త భూమిని తెఱచిపెట్టినచో, కొంత కలిమి గలవారు అచ్చటికి పోవుదురనియు, వారు విడిచిన గదులు క్రిందివారికి చిక్కుననియు వారి ఆలోచన. పోవలసినవారు పోయిరి, చెట్లనీడలతో మంచి పేటలు ఏర్పడినవి. కాని విడువబడిన గదులు ఖాళీగా నుండలేదు. పల్లెలనుండి క్రొత్తగా వచ్చినవారు వాటిని నింపిరి. పైనుండి జాఱు నీటివలె గృహవసతి క్రిందికి దిగునను ఆశ నేటి ప్రణాళికలలోను కానవచ్చుచున్నది గనుక ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ప్రభుత్వము ఏల పూనుకొనవలెనను ప్రశ్న ఇచ్చట వచ్చును. దీనికి సమాధానము దయ కాదు, లెక్క. ఉదాహరణమునకు, పట్టణమున ఒక చిన్న యిల్లు స్థలముతోకూడ 5 లక్షల రూపాయలకు కట్టబడినదనుకొందము. కట్టినవాడు నూటికి 8 వంతున వడ్డీ కోరినను సంవత్సరమునకు 40,000, నెలకు 3,300 రూపాయలకు మించును. మరమ్మతులు, పన్ను, ఖాళీగా నుండు నెలలు చేర్చినచో 4,000 దాటును. నెలకు 15,000 సంపాదించు కూలి కుటుంబము, తిండికిని మందులకును పోగా 2,000కు మించి అద్దె యియ్యజాలదనుకొందము. నడుమ 2,000 లోటు. ఈ లోటును ప్రభుత్వమో, యజమానియో, పురపాలక సంఘమో భరింపనిచో కుటుంబమే భరించును. ఎట్లనగా, మఱియొక కుటుంబమును గదిలో చేర్చుకొని భరించును. లేక కాలువగట్టున గుడిసె వేసికొని భరించును. మురికివాడ యనునది ఈ లోటు నేలమీద కనబడు రూపము. గుడిసె తీసినంతమాత్రమున లోటు తీఱదు.

ఈ లెక్కను సగము గ్రహించి చేసిన పనికి బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు చాళ్లు నిదర్శనము. 1920లో గవర్నరు సర్ జార్జి లాయిడ్ కాలమున 50,000 గదులు కట్టుటకు సంకల్పింపబడినది. వ్యయమునకై నగరములోనికి వచ్చు ప్రత్తి బేలు ఒక్కింటికి ఒక రూపాయి సుంకము వేయబడెను. ధనమెక్కడనుండి రావలెనో స్పష్టముగా నిర్ణయించిన పథకమగుట దాని విశేషము. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, సివ్రీ యను నాలుగు చోట్ల 207 కట్టడములు లేచినవి. ఒక్కొక్క కట్టడమున 80 గదులు. గది 160 చదరపు అడుగులు. పాయిఖానాలు అంతస్తున కన్నిటికిని ఉమ్మడి. అంతలో ధరలు హెచ్చి వ్యయము పెరిగినది. మిల్లులలో పని తగ్గినది. అద్దె కూలివాని చేతికందలేదు. మొదట వర్లీలో కొళాయిలు, దీపములు, బజారు, బండి సౌకర్యము చాలలేదు. గృహములకు నగరమంతయు అలమటించుచుండగా వేలకొలది గదులు ఖాళీగా నుండెను. 1930 తరువాతి సత్యాగ్రహ దినములలో వర్లీ చాళ్లు కొన్ని రాజకీయ ఖైదీలకు తాత్కాలిక కారాగారములైనవి. ఇంటిని కట్టినవారు దానిని దేనికైనను వాడుకొనగలరని దీనివలన తెలియుచున్నది.

అయినను ఆ చాళ్లు వ్యర్థములు కాలేదు. అద్దెలు తగ్గి, ట్రాములును బజారులును వచ్చిన తరువాత అవి నిండి, నాలుగు తరముల కార్మికులకు ఆశ్రయమైనవి. వాటి పునర్నిర్మాణము 2021లో ఆరంభింపబడినది. ఉన్న కుటుంబములనే అదే స్థలమున 500 చదరపు అడుగుల గృహములలో చేర్చవలెనను నియమముతో అది జరుగుచున్నది. 2025 ఆగస్టులో వర్లీయందు మొదటి 556 కుటుంబములకు తాళపుచెవులు ఇయ్యబడినవి. నూఱేండ్ల క్రింద విడిచిన నియమము ఇదియే.

అన్నిచోట్లను పడగొట్టుట అవసరమా యనునది వేరు ప్రశ్న. 1914లో ఈ దేశమునకు వచ్చిన స్కాటు దేశీయుడు పాట్రిక్ గెడ్డెస్ మద్రాసు రాజధానిలోని పట్టణములను చూచి 1915లో నివేదికలు వ్రాసెను. ఇఱుకు పేట నడుమగుండ తిన్నని వెడల్పు రోడ్డును కోయుటకు ఇంజనీర్లు గీచిన పటములను ఆయన అంగీకరింపలేదు. శిథిలమై ఎవరును కాపురముండని యిండ్లను, పడిపోవుచున్న గోడలను మాత్రము తీసివేసి, అచ్చట చిన్న వాకిలి కల్పించి, చెట్టు నాటి, బావిని బాగుచేసినచో, కొలది కుటుంబములను కదల్చి పేటకంతకును గాలి తేవచ్చునని ఆయన చూపెను. ఇది నేర్పరియైన శస్త్రవైద్యుడు పుండును మాత్రమే కోసి అవయవమును నిలుపుట వంటిది. వ్యయమును చాల తక్కువ. కాని దీనికి అధికారి పటమును గదిలో గీయక, సందు సందునను నడచి గీయవలసియుండును. ఆ పద్ధతి వ్యాపింపకపోవుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

తెలుగుదేశమున ఈ పని ముందుగా హైదరాబాదులో జరిగెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి, గట్టుల నున్న మట్టిగోడల యిండ్లతో కోల్సావాడి మొదలగు పేటలు కొట్టుకొనిపోయి, వేలకొలది జనులు మరణించిరి. తరువాత ప్లేగు వచ్చెను. 1912లో నగరాభివృద్ధి మండలి స్థాపింపబడినది. ప్రజలు దానిని ఆరాయిష్ బల్దా యని పిలిచిరి. నాంపల్లి మొదలగు చోట్ల ఇఱుకు పేటలను తీసి, స్థోమతునుబట్టి తరగతులుగా ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట ఈ మండలి పద్ధతి. తరువాత దాని పనిని 1960లో ఏర్పడిన గృహనిర్మాణ మండలి చేకొనెను. 1967లో హైదరాబాదు పురపాలక సంఘమున పట్టణ సమాజాభివృద్ధి విభాగము మొదలై, ఉన్నచోటనే పట్టా యిచ్చి, బ్యాంకు అప్పు చూపి, కుటుంబములు తామే ఇల్లు కట్టుకొనుటకు సాయపడెను. ఇది గెడ్డెస్ మార్గమునకు దగ్గఱిది. 2024లో మూసీ గర్భములోని కుటుంబములను కదల్చినప్పుడు రెండు పడకగదుల గృహములు కేటాయింపబడినవి. అప్పుడును మొదట వచ్చిన ప్రశ్నలు పిల్లల బడి యెక్కడ, పని యెంత దూరము అనునవే.

దూరము స్వల్పవిషయము కాదు. చెన్నై నగరపు కాలువగట్టుల నుండియు మురికివాడల నుండియు తొలగింపబడిన కుటుంబములకు 2000 మొదలుకొని కణ్ణగి నగరున ఇండ్లియ్యబడినవి. అవి పక్కా యిండ్లే. కాని నగరము నడుమనుండి సుమారు 20 కిలోమీటర్లు. నాలుగిండ్లలో పాచిపని చేసికొను స్త్రీ, ఉదయము ఆఱు గంటలకు అచ్చట నుండవలసినది, రెండు బస్సులెక్కి పోవలెను. ఆమె పని పోయినది, ఇల్లు మిగిలినది. అట్టి చోట కొందఱు ఇంటికి తాళము వేసి తిరిగి నగరములో గుడిసె వేసికొన్నచో, వారిని మోసగాండ్రని వ్రాయుటకు ముందు బస్సు ఛార్జీని కూలితో పోల్చిచూడవలెను.

చట్టమునుగూర్చి ఒక సంగతి స్పష్టముగా తెలియవలసియున్నది. 1985లో సుప్రీంకోర్టు ఓల్గా టెలిస్ వ్యాజ్యమున, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు చేరియున్నదనియు, విన్నపమునకు అవకాశ మియ్యక తొలగించుట తగదనియు తీర్పు చెప్పినది. ఆ సంవత్సరము వర్షాకాలము గడచువఱకు, అక్టోబరు 31వ తేదీదాక, తొలగింపును నిలిపినది. 1976 లెక్కలో చేరిన కాలిబాట నివాసులకు వేఱు స్థలములు ఇయ్యవలెననియు చెప్పినది. కాని అట్లిచ్చుట తొలగింపునకు ముందు షరతు కాదనియు అందులోనే చెప్పినది. అనగా ముందు ఇల్లు, తరువాత తొలగింపు అను క్రమమును న్యాయస్థానము అధికారిమీద నిర్బంధముగా ఉంచలేదు. అది అధికారి తన ఉత్తర్వులో తానే ఉంచుకొనవలసినది. 2011 జనాభాలెక్కల ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశపు పట్టణములలో మురికివాడల నివాసులు సుమారు ఒక కోటి రెండు లక్షల మంది. పట్టణ జనాభాలో నూటికి 36 మంది. రాష్ట్రములన్నిటిలో అంతటి భాగము మఱియొకచోట లేదు.

కావున పేటను ఖాళీ చేయింపదలచిన పురపాలక, రెవిన్యూ అధికారులు మొదట గడపలను గాక పొయ్యిలను లెక్కించుట మంచిది. ఒక గడపలో మూడు పొయ్యిలున్నచో మూడు కుటుంబములు. మూడు గృహములు కావలెను. లెక్క పగటిపూట తీసినచో పనికిపోయినవారు చేరరు. రాత్రి తొమ్మిది గంటల తరువాత తీసినదే నమ్మదగినది. అద్దెకున్నవారిని విడిచి యజమానుల పేరులే వ్రాసినచో, పేటలోని మిక్కిలి బీదలు మొదటి దినముననే జాబితానుండి తప్పిపోవుదురు. తరువాతి మురికివాడను వేయువారు వీరే. ప్రతి కుటుంబమునకును ఎదుట పని చోటును, నడచిపోవు దూరమును, ప్రస్తుతపు అద్దెను వ్రాసికొనవలెను. కొత్త స్థలమున నీరు, మురుగుకాలువ, పాయిఖానా, దీపము పనిచేయుచున్నవని ఆరోగ్యాధికారి స్వయముగా చూచి సంతకము చేసినదాక పాత స్థలమున కొళాయిని కట్టివేయరాదు. కొళాయి ముందుగా కట్టివేసి జనులను కదల్చు పద్ధతి కొన్నిచోట్ల కలదు. దానివలన వచ్చునది కలరా.

మరమ్మతులకు కట్టినదినముననే నిధి చూపవలెను. ఉమ్మడి మెట్లు, నీటితొట్టి, పంపు, మురుగుగొట్టము ఎవరివియు కావు గనుక ఎవరును బాగుచేయరు. అయిదేండ్లలో కొత్త గృహసముదాయము పాత పేట వాసన పట్టును. ఇండ్లు నిండిన ఆఱు నెలలకును, రెండు సంవత్సరములకును మరల పోయి, మొదటి జాబితాలోని పేర్లలో ఎన్ని అచ్చట మిగిలియున్నవో చూచి, పోయినవారు ఏ పేటకు పోయిరో విచారించి, ఆ అంకెను తొలగింపు నివేదిక పక్కనే దాఖలు చేయవలెను.